ఫ్రీ అంటే ఎంత?

హాస్టళ్ళలో ఎప్పటికీ తెగని పంచాయితీలు కొన్ని ఉంటాయి. మెస్‌లో సాంబారు నయమా పప్పు నయమా, ఇంటర్నల్స్‌కి ముందురోజు రాత్రి చదివితే సరిపోతుందా లేదా, వాలరెంట్ గొప్పదా కౌంటర్‌స్ట్రైక్ గొప్పదా. మొదటి రెండిట్లో ఎవరో ఒకరు అలిసిపోయి పడుకుంటారు. మూడోది మాత్రం తెల్లారినా తెగదు. ఒకడు ఏకే స్ప్రే కంట్రోల్ గురించి చెప్తాడు, ఇంకొకడు జెట్ డాష్ గురించి చెప్తాడు, మూడోవాడు అసలు ఏపెక్స్ ఆడని జన్మ వృథా అంటాడు. మూలన కూర్చున్న సీనియర్ ఒకాయన టీమ్ ఫోర్ట్రెస్ 2 పేరెత్తి, మీరంతా నిన్నగాక మొన్న పుట్టారు పొండి అన్నట్టు చూస్తాడు.

ఈ వాదన ఎందుకు తెగదంటే, మనం పోల్చాల్సినవి పోల్చట్లేదు కాబట్టి. తుపాకులు, మ్యాపులు, గ్రాఫిక్స్ పోలుస్తాం. అవి రుచికి సంబంధించినవి. ఉప్మా ఇష్టమా దోసె ఇష్టమా అన్నట్టు, ఎవరి మాట వాళ్ళకి కరెక్టే. కానీ ఈ ఆటలన్నిటికీ ఉమ్మడిగా ఒక మాట తగిలించి ఉంటుంది: ఫ్రీ. పోల్చాల్సింది ఆ మాటని. ఉచితంగా వస్తే నాకొకటి మా నాన్నకొకటి అనే సామెత మనకి ఊరికే రాలేదు. దేశదేశాల్లో సర్వర్లు నడుపుతూ, వందలమంది ఇంజినీర్లకి జీతాలిస్తూ, ఒక్క రూపాయి తీసుకోకుండా మనకి ఆట ఇస్తున్నారంటే, బిల్లు ఎక్కడో ఎవరో కడుతున్నట్టే. ఆ బిల్లులో మన వాటా ఎంత, ఏ రూపంలో కడుతున్నాం అన్నది ఒక్కో ఆటకి ఒక్కోలా ఉంటుంది. నా ఉద్దేశంలో ఏ ఆట మంచిదో తేల్చాల్సింది అక్కడ.

ఫ్రీ ఎలా వచ్చింది

ఒకప్పుడు షూటర్ ఆడాలంటే డబ్బాలో వచ్చే సీడీ కొనాలి. కౌంటర్‌స్ట్రైక్ కూడా 1999లో హాఫ్‌లైఫ్ అనే ఆటకి మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు సరదాగా చేసిన మాడ్‌గా మొదలైంది. వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని 2000లో అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత వాల్వే ఆట మార్చింది. 2007లో డబ్బులకి అమ్మిన టీమ్ ఫోర్ట్రెస్ 2ని 2011 జూన్‌లో అందరికీ ఫ్రీ చేసేసింది. అప్పటికే ఆటలో టోపీలు అమ్మడం మొదలైంది. ఆట అమ్మడం కన్నా టోపీలు అమ్మడం లాభమని తేలిపోయిందన్నమాట. 2018 డిసెంబర్‌లో కౌంటర్‌స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ ఫ్రీ అయింది. 2019 ఫిబ్రవరిలో ఏపెక్స్ లెజెండ్స్ పుట్టుకతోనే ఫ్రీగా వచ్చింది. 2020 జూన్‌లో వాలరెంట్, 2022 అక్టోబర్‌లో ఓవర్‌వాచ్ 2 అదే దారి పట్టాయి.

ఇందులో మనం గమనించని సంగతి ఒకటుంది. పైసా ఖర్చు పెట్టని ఆటగాడు కంపెనీకి బరువు కాదు, అవసరం. వేలు పోసి కత్తి స్కిన్ కొన్నవాడికి దాన్ని చూపించుకోవడానికి మనుషులు కావాలి. మ్యాచ్ అరనిమిషంలో దొరకాలంటే క్యూలో జనం ఉండాలి. ఆ జనం మనమే. పెళ్ళిలో భోజనం ఫ్రీయే, కానీ మనం వెళ్తేనే అది పెళ్ళిలా కనిపిస్తుంది. కాబట్టి "వాళ్ళు ఫ్రీగా ఇస్తున్నారు, మనం నోరు మూసుకుని ఆడాలి" అనే మొహమాటం అక్కర్లేదు. అడిగే హక్కు మనకుంది.

ముందు ఆట సంగతి

ఆటలుగా ఇవి ఒకదానికొకటి చాలా దూరం. ముందు న్యాయంగా వాటి గొప్ప చెప్పుకుందాం.

కౌంటర్‌స్ట్రైక్ 2 పొదుపైన ఆట. ఐదుగురికి ఐదుగురు, పదమూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది మ్యాచ్. అందరికీ అవే తుపాకులు, అదే డబ్బు లెక్క. ప్రత్యేక శక్తులేవీ లేవు. ఓడిపోతే నెపం పెట్టడానికి ఏమీ మిగలదు, మన గురి తప్ప. చదరంగంలో ఉండే శుభ్రత ఇందులో ఉంది.

వాలరెంట్ ఆ అస్థిపంజరాన్నే తీసుకుని పైన శక్తులు తొడిగింది. బాంబు బదులు స్పైక్. గోడలు లేపేవాళ్ళు, పొగ వదిలేవాళ్ళు, పడిపోయిన వాడిని లేపేవాళ్ళు ఉంటారు. గురి కాస్త తక్కువైనా బుర్ర ఉన్నవాడికి ఇక్కడ చోటుంది. సర్వర్లు సెకనుకి 128 సార్లు ఆట పరిస్థితిని లెక్కగడతాయి, అంటే ఎనిమిది మిల్లీసెకన్ల లోపే ఒకసారి. పాత సీఎస్ అధికారిక సర్వర్లలో అది 64 మాత్రమే. పైగా పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ మీద కూడా నడిచేలా రయట్ దీన్ని తయారు చేసింది. గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిపించుకోలేని పిల్లలు సగానికి పైగా ఉండే మన హాస్టళ్ళలో ఇది చిన్న మేలు కాదు.

ఏపెక్స్‌లో అరవైమంది, ముగ్గురేసి ఇరవై జట్లు. ఇక్కడ ఒక్క బుల్లెట్‌కి చావరు, అందుకని కదలిక ముఖ్యం. జారడం, ఎక్కడం, దూకడం చేతికి అలవాటయ్యాక వేరే షూటర్ ఆడితే కాళ్ళకి ఇసుక బస్తాలు కట్టినట్టుంటుంది. ఓవర్‌వాచ్ 2లో ట్యాంక్, డ్యామేజ్, సపోర్ట్ అని పని పంపకం ఉంటుంది. తుపాకీ గురి లేనివాళ్ళు కూడా హీలర్‌గా జట్టుని గెలిపించొచ్చు. టీమ్ ఫోర్ట్రెస్ 2 అయితే తొమ్మిది పాత్రల సర్కస్. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు, ఇన్నేళ్ళయినా అందులో ఉన్న హాస్యం వేరే షూటర్‌కి రాలేదు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ ఐదింటిలో ఏదీ డబ్బు పెట్టినవాడికి బలమైన తుపాకీ అమ్మదు. ఓవర్‌వాచ్ 2 మొదట్లో కొత్త హీరోలని బాటిల్ పాస్‌లో దాచింది. తిట్లు పడ్డాక 2024లో ఆ పద్ధతి మానుకుంది. వాలరెంట్‌లో కొత్త ఏజెంట్ కావాలంటే ఆడి సంపాదించాలి, లేదా కొనాలి. ఇది చిన్న మచ్చే. మొత్తమ్మీద గెలుపుని అమ్మట్లేదు. మరి ఏం అమ్ముతున్నారు, మన దగ్గర ఏం తీసుకుంటున్నారు? నాలుగు లెక్కలు చూద్దాం.

మొదటి లెక్క: డబ్బు

అందరికీ తెలిసిన లెక్క ఇదే, అందరూ తప్పు వేసే లెక్కా ఇదే.

కౌంటర్‌స్ట్రైక్‌లో 2013 నుంచి పెట్టెలున్నాయి. పెట్టె తెరవాలంటే తాళంచెవి కొనాలి, 2.49 డాలర్లు, మన డబ్బులో రెండొందల పైమాటే. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. అదృష్టం ఉంటే కత్తి. ఆ అదృష్టం ఎంత? చైనా ప్రభుత్వం 2017లో ఇలాంటి పెట్టెల సంభావ్యతలు బయటపెట్టాలని నిబంధన పెట్టింది. అప్పుడు అక్కడ ఆట నడిపే కంపెనీ అంకెలు ప్రకటించింది. కత్తిలాంటి అరుదైన వస్తువు వచ్చే అవకాశం 0.26 శాతం. దాదాపు ఎనభై శాతం సార్లు వచ్చేది అన్నిటికన్నా కింది రకం.

ప్రాబబిలిటీ సబ్జెక్టు మనకుంది కదా, ఒకసారి వాడదాం. 0.26 శాతం అంటే సగటున 385 పెట్టెలకి ఒక కత్తి. తాళాలకే డెబ్బై ఐదు వేల రూపాయల పైన. పోనీ 385 తెరిస్తే కత్తి గ్యారంటీయా అంటే, కాదు. 0.9974ని 385 సార్లు గుణిస్తే సుమారు 0.37 వస్తుంది. అంటే అంత ఖర్చు పెట్టిన వందమందిలో 37 మంది ఇంకా ఉత్త చేతులతోనే ఉంటారు. వంద పెట్టెలు తెరిచినవాళ్ళలో 77 మందికి కత్తి కనపడదు. "ఇన్ని తెరిచాను, ఇక రావాల్సిందే" అన్న నమ్మకానికి గణితంలో ఆధారం లేదు. ప్రతి పెట్టె వెనకటి పెట్టెని మర్చిపోయి కొత్తగా మొదలవుతుంది.

ఆన్‌లైన్ రమ్మీ ఆడేవాడిని చూసి మనం జాలిపడతాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే అలాంటి ఆటల్ని నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ చట్టం చేసింది, అదే చట్టంలో ఈ-స్పోర్ట్స్‌కి గుర్తింపు ఇచ్చింది. చట్టం సంగతి లాయర్లకి వదిలేద్దాం. కానీ డబ్బు కట్టు, చక్రం తిరుగుతుంది, వస్తే వచ్చింది లేకపోతే లేదు అన్న పద్ధతిని ఏ పేరు పెట్టి పిలుస్తారో మా ఊళ్ళో సంక్రాంతి తిరణాలలో గుండాట నడిపేవాడిని అడిగినా చెప్తాడు. బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో కౌంటర్‌స్ట్రైక్, ఓవర్‌వాచ్ పెట్టెలు జూదం కిందకే వస్తాయని తేల్చింది.

"స్కిన్ అమ్ముకుంటే డబ్బు తిరిగొస్తుంది, అది ఇన్వెస్ట్‌మెంట్ బ్రో" అనేవాళ్ళు ప్రతి ఫ్లోర్‌లో ఒకరుంటారు. 2025 అక్టోబర్‌లో వాల్వ్ ఒక అప్‌డేట్ వదిలింది. ఎర్ర రకం వస్తువులు ఐదు ఇస్తే ఒక కత్తో గ్లవ్సో మార్చుకోవచ్చు అని. అంతే, కత్తుల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. మనం బంగారం అనుకున్నదాన్ని అవతలివాడు ఒక్క లైన్ కోడ్‌తో ఇత్తడి చేయగలిగితే, దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అనరు.

వాలరెంట్ ఈ విషయంలో నిజాయితీగా కనిపిస్తుంది. స్కిన్ ఏదో, ధర ఎంతో ముందే తెలుస్తుంది. చక్రం లేదు, పెట్టె లేదు. కానీ దాని కిటుకు వేరు. షాపులో రోజుకి నాలుగే తుపాకీ స్కిన్లు కనిపిస్తాయి, రేపటికి మారిపోతాయి. "ఇవాళ కొనకపోతే మళ్ళీ ఎప్పుడో" అన్న తొందర పెడుతుంది. ధర నేరుగా రూపాయల్లో కాకుండా వాళ్ళ పాయింట్లలో ఉంటుంది కాబట్టి చేతిలోంచి ఎంత పోయిందో వెంటనే తట్టదు. కొన్నది ఇంకొకరికి అమ్మలేం, ఇవ్వలేం. ఏపెక్స్‌లో అన్నిటికన్నా అరుదైన వస్తువు కోసం ఐదు వందల ప్యాక్‌ల లోపు ఒకటి గ్యారంటీ అని రాసి ఉంటుంది. ఆ ఐదు వందలు ఒకసారి మనసులో లెక్కేసుకోండి. ఫోన్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ ఆడేవాళ్ళకి లక్కీ డ్రా తెలుసు. మొదటి డ్రా చవక, తర్వాతది ఇంకొంచెం, చివరివి గుండె గుభేల్. సగం దూరం వచ్చాక వెనక్కి వెళ్ళబుద్ధి కాదు. యూపీఐలో పిన్ కొట్టడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ డబ్బు ఇంట్లో సంపాదించడానికి ఎంతసేపు పట్టిందో మనకి తెలుసు.

డబ్బుతో పాటు టైమ్ కూడా ఇక్కడే రాసుకోవాలి. బాటిల్ పాస్ డబ్బిచ్చి కొన్నాక దానికి గడువుంటుంది. గడువు లోపల మిషన్లు పూర్తి చేయకపోతే కొన్న వస్తువే రాదు. సెమిస్టర్ పరీక్షలు, పాస్ గడువు ఒకే వారంలో పడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఇది తప్పనిసరి ఏమీ కాదు. మల్టీప్లేయర్ ఫ్రీగా వచ్చిన హేలో ఇన్ఫినిట్‌లో 2021లోనే గడువు లేని పాస్ పెట్టారు. కొన్నది మీది, ఎప్పుడైనా తీరిగ్గా పూర్తి చేసుకోండి అని. అలా చేయడం సాధ్యమే అని తెలిశాక, చేయనివాళ్ళని అడగొచ్చు.

రెండో లెక్క: మన కంప్యూటర్

ఫ్రీ అకౌంట్ అంటే దొంగాటగాడికి కూడా ఫ్రీ. ఒకటి బ్యాన్ అయితే ఇంకొకటి తెరుస్తాడు. ఈ రోగానికి ఒక్కో కంపెనీ ఒక్కో మందు వేసింది.

రయట్ వేసిన మందు పేరు వాన్‌గార్డ్. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో రింగ్ 0, రింగ్ 3 అని చదివాం కదా. మామూలు ప్రోగ్రాములు రింగ్ 3లో, కెర్నెల్ రింగ్ 0లో. వాన్‌గార్డ్ డ్రైవర్ రింగ్ 0లో కూర్చుంటుంది, అదీ కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పటి నుంచే. మనం ఆట తెరిచినా తెరవకపోయినా అది అక్కడుంటుంది. ఆపేయొచ్చు, కానీ మళ్ళీ ఆడాలంటే రీస్టార్ట్ చేయాలి. విండోస్ 11లో అయితే సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 కూడా అడుగుతుంది. లినక్స్‌లో వాలరెంట్ ఆడలేం. ఇంటికి కాపలా పెట్టుకున్నాం సరే, కాపలావాడికి పడకగది తాళం కూడా ఇచ్చామన్నమాట. అతను మంచివాడే కావచ్చు. ఇప్పటిదాకా దొంగల్ని బాగానే పట్టాడు కూడా. కానీ తాళం ఇచ్చామన్న సంగతి మనకి తెలిసుండాలి. ప్రాజెక్ట్ కోడ్, బ్యాంక్ లాగిన్, ఇంటి ఫోటోలు అన్నీ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకునే మనలాంటివాళ్ళకి ఇది పట్టించుకోవాల్సిన విషయం.

రెండో కొసన వాల్వ్ ఉంది. వాళ్ళ కాపలా కెర్నెల్‌లోకి దిగదు. లినక్స్‌లోనూ ఆడుకోవచ్చు. ఫలితం? కౌంటర్‌స్ట్రైక్‌లో చీటర్ల గురించి గోల ఎప్పుడూ ఉండేదే. టీమ్ ఫోర్ట్రెస్ 2 పరిస్థితి ఇంకా ఘోరం. కొన్నేళ్ళపాటు బాట్‌లు సర్వర్లలోకి జొరబడి కనపడినవాడి తలకాయ లేపేసేవి. ఆటగాళ్ళు 2022లో ఒకసారి, 2024లో ఇంకోసారి ఆన్‌లైన్‌లో పెద్ద ఎత్తున మొరపెట్టుకుంటే గానీ గట్టి కదలిక రాలేదు. ఏపెక్స్ కూడా 2024 చివర్లో చీటర్ల కారణం చెప్పి లినక్స్ వాళ్ళకి తలుపు మూసేసింది.

ఇందులో పుణ్యాత్ముడు ఎవరూ లేరు. నిజాయితీ ఆట కావాలంటే ఏకాంతంలో కొంత వదులుకోవాలి. ఏకాంతం కావాలంటే చీటర్లని కొంత భరించాలి. ఏది వదులుకుంటారో మీ ఇష్టం. కానీ ఎంచుకున్నామన్న స్పృహ లేకుండా ఇన్‌స్టాల్ బటన్ నొక్కడం ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్ళు చేసే పని కాదు.

మూడో లెక్క: గొంతు

ఈ లెక్క అబ్బాయిల వాదనల్లో అస్సలు రాదు. ఐదుగురి జట్టు ఆటలో మైక్ ఒక ఆయుధం. శత్రువు ఎక్కడున్నాడో చెప్పినవాడి జట్టు గెలుస్తుంది. ముంబై సర్వర్‌లో తెలుగు వినపడితే ఎంత సంబరమో మనకి తెలుసు, "బీ సైట్ కి రారా బాబూ" అని ఎవరో అరిస్తే చుట్టం కనపడినట్టుంటుంది. అదే మైక్‌లో ఒక అమ్మాయి గొంతు వినపడితే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. మన క్లాసుల్లో షూటర్లు ఆడే అమ్మాయిలని అడగండి. చాలామంది మైక్ ఆపేసి ఆడతారు. అంటే అదే ఆట, అదే ఫ్రీ, కానీ వాళ్ళు ఒక ఆయుధం ఇంటి దగ్గర పెట్టి యుద్ధానికొస్తున్నారు. ర్యాంక్ తక్కువుంటే "గర్ల్స్‌కి గేమ్స్ రావు" అని తీర్పు.

ఇక్కడ ఆటలు నిజంగా తేడా చూపిస్తాయి. ఏపెక్స్ వచ్చిన రోజునే పింగ్ పద్ధతి తెచ్చింది. ఒక్క బటన్ నొక్కితే చాలు, శత్రువు ఇక్కడున్నాడు, ఈ తుపాకీ ఇక్కడుంది, నేను అటు వెళ్తున్నా అని పాత్రే తన గొంతుతో చెప్పేస్తుంది. నోరు విప్పకుండా, భాష రాకుండా కూడా మంచి టీమ్‌మేట్‌గా ఉండొచ్చు. తెలుగు మాత్రమే వచ్చిన కుర్రాడు, హిందీ మాత్రమే వచ్చిన కుర్రాడు, మైక్ ఆపుకున్న అమ్మాయి ముగ్గురూ ఒక జట్టుగా ఆడగలరు. వాలరెంట్‌లోనూ పింగ్‌లున్నాయి గానీ, పెద్ద ర్యాంకుల్లో మాట లేకుండా నెగ్గడం కష్టం. కౌంటర్‌స్ట్రైక్‌లో ఇంకా కష్టం.

డిజైన్ కొంతవరకే చేయగలదు. మిగతాది మన చేతిలో, సరిగ్గా చెప్పాలంటే మన నోట్లో ఉంది. పక్క బెడ్‌వాడు మైక్‌లో ఆడపిల్లని కారుకూతలు కూస్తుంటే "ఒరేయ్, ఆపు" అనడానికి ఏ ర్యాంకూ అక్కర్లేదు.

నాలుగో లెక్క: అసలు ఆటే

చివరి లెక్క అన్నిటికన్నా పెద్దది. మనం ఇన్ని గంటలు పోసిన ఆట రేపు ఉంటుందా?

యూబీసాఫ్ట్ వాళ్ళు హైపర్ స్కేప్ అనే ఫ్రీ షూటర్‌ని 2020లో తెచ్చి 2022 ఏప్రిల్‌లో మూసేశారు. ఎక్స్‌డిఫయంట్ అనేదాన్ని 2024 మేలో వదిలి 2025 జూన్‌లో ఆపేశారు. ఏడాది పైన పదమూడు రోజులు. మన బీటెక్‌లో రెండు సెమిస్టర్లు. అందులో కష్టపడి సంపాదించిన ర్యాంకులు, కొన్న స్కిన్లు, నేర్చుకున్న మ్యాపులు అన్నీ గాల్లో కలిసిపోయాయి. ఓవర్‌వాచ్ కథ ఇంకో రకం. 2016లో డబ్బు పెట్టి కొన్నవాళ్ళున్నారు. 2022 అక్టోబర్‌లో ఓవర్‌వాచ్ 2 ఫ్రీగా వస్తోందని పాతదాని సర్వర్లు ఆపేశారు. ఆరుగురి జట్టు ఐదుగురైంది. కొన్న ఆట ఫ్రీ ఆటగా మారిపోయి, కొన్నవాడికి పాతది ఆడే దారే లేకుండా పోయింది.

మన దేశంలో ఇది ఇంకోలా అనుభవమే. పబ్జీ మొబైల్ అచ్చంగా ఈ జాతి కాకపోయినా బంధువే. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐ, 2022 జూలైలో స్టోర్ల నుంచి మాయమై 2023లో తిరిగొచ్చింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే. "నా అకౌంట్" అని మనం అనే మాటలో "నా" అనేది అబద్ధం. తాళం వేరేవాళ్ళ దగ్గరుంది.

దీనికి విరుగుడు ఎప్పటి నుంచో ఉంది, మనమే చూడట్లేదు. 2005లో ఐడీ సాఫ్ట్‌వేర్ క్వేక్ 3 ఆట సోర్స్ కోడ్‌ని జీపీఎల్ లైసెన్స్ కింద బయటపెట్టింది. దాని మీద ఓపెన్‌అరీనా కట్టారు. ఆ కుటుంబం నుంచే వచ్చిన పాత ఇంజిన్ మీద నెక్సూయిజ్, దాని నుంచి 2010లో చీలి జోనోటిక్ పుట్టాయి. అస్సాల్ట్‌క్యూబ్ అనే చిన్న షూటర్ కోడ్ కూడా తెరిచే ఉంటుంది. ఇవి ఫ్రీ అంటే నిజంగా ఫ్రీ. షాపు లేదు, పెట్టె లేదు, పాస్ లేదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి పక్క రూముకి ఇవ్వొచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి, లినక్స్‌లోనూ నడుస్తాయి. సర్వర్ మన రూములోనే పెట్టుకోవచ్చు. ఒక స్విచ్చి, నాలుగు లాన్ కేబుళ్ళు ఉంటే చాలు, వైఫై పోయినా ఆట ఆగదు, పింగ్ అనే మాటే మర్చిపోవచ్చు. సీ++ వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళి గ్రావిటీ మార్చి, తుపాకీ మార్చి, మన కాలేజీ బిల్డింగ్‌నే మ్యాప్‌గా చేసి ఆడొచ్చు. 2025 ఫిబ్రవరిలో వాల్వ్ కూడా టీమ్ ఫోర్ట్రెస్ 2 కోడ్‌ని వ్యాపారం కాని మాడ్‌ల కోసం తెరిచింది. ఇద్దరు కుర్రాళ్ళు ఇంకొకరి ఆటని విప్పి చూసి కౌంటర్‌స్ట్రైక్ చేశారన్న సంగతి గుర్తు చేసుకోండి. తెరిచిన ఆటలోంచే కొత్త ఆట పుడుతుంది.

"బాగానే ఉంది గానీ, జోనోటిక్ ఎవడు ఆడతాడు బ్రో?" నిజమే. రాత్రి పదకొండుకి ఆన్‌లైన్‌కి వెళ్తే మన దగ్గర్లో సర్వర్ నిండా జనం దొరకరు. ర్యాంకులు, టోర్నమెంట్లు, స్ట్రీమర్లు ఆ స్థాయిలో లేవు. వాలరెంట్ ఇచ్చే ఆ టెన్షన్, ఒక్కడే మిగిలి ముగ్గురిని కొట్టినప్పుడు ఫ్లోర్ అంతా లేచి అరిచే ఆ క్షణం, పెద్ద కంపెనీ డబ్బు పోస్తేనే వస్తుందని ఒప్పుకుంటాను. కంపెనీకి ఆదాయం కావాలి, అదీ నిజమే. నచ్చిన స్కిన్‌ని తెలిసిన ధరకి, తన డబ్బుతో కొనుక్కుంటే తప్పేం లేదు. సినిమాకి టికెట్ కొన్నట్టే. నాకు అభ్యంతరం ధర మీద కాదు. ధరని దాచడం మీద.

అయితే తీర్పు ఏంటి?

ర్యాంక్ కోసం, గట్టి పోటీ కోసం, మామూలు ల్యాప్‌టాప్ మీద ఆడాలంటే వాలరెంట్. కెర్నెల్ సంగతి తెలిసి ఒప్పుకుని ఆడండి, షాపు ట్యాబ్ తెరవకండి. గురికి సానబెట్టాలంటే, లినక్స్ వదలనంటే కౌంటర్‌స్ట్రైక్ 2. పెట్టెల జోలికి మాత్రం పోవద్దు, ఒక్కటి కూడా. నోరు విప్పకుండా జట్టుగా ఆడాలంటే ఏపెక్స్. గురి రాదు గానీ స్నేహితులతో ఉండాలంటే ఓవర్‌వాచ్ 2లో హీలర్. నవ్వుకోవాలంటే టీమ్ ఫోర్ట్రెస్ 2.

కానీ నన్ను ఒక్కటే చెప్పమంటే, వీటిలో ఏదైనా ఆడండి, దాంతో పాటు ఒక ఓపెన్‌సోర్స్ షూటర్ ప్రతి ఫ్లోర్‌లో ఉండాలి అంటాను. వచ్చే టెక్ ఫెస్ట్‌లో గేమింగ్ ఈవెంట్ పెట్టేవాళ్ళకి నా మనవి ఇది. వాలరెంట్ టోర్నమెంట్ ఎలాగూ ఉంటుంది, దాని పక్కన ల్యాబ్‌లో అనుమతి తీసుకుని ఒక జోనోటిక్ లాన్ కూడా పెట్టండి. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు కూడా ఆడగలిగే ఈవెంట్ అదొక్కటే అవుతుంది. ఫస్టియర్ వాళ్ళకి మ్యాప్ తయారీ పోటీ పెట్టండి. అమ్మాయిల హాస్టల్‌కి కూడా పోస్టర్ అంటించండి, "కూడా" అని కాదు, ముందుగా.

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక చిన్న సూత్రం. ఆటలో ఏదైనా కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకు ఏం వస్తుందో ముందే తెలుసా? ఇది రూపాయల్లో ఎంతో నోటితో చెప్పగలనా? ఈ ఆట వచ్చే ఏడాది మూతపడినా ఈ ఖర్చుకి బాధపడనా? మూడిటికీ అవును అంటే హాయిగా కొనుక్కోండి, ఎవరూ ఏమీ అనకూడదు. ఒక్కదానికి కాదు అని వచ్చినా ఫోన్ పక్కన పెట్టి క్యాంటీన్‌కి వెళ్ళి టీ తాగండి. అక్కడ ధర బోర్డు మీద రాసి ఉంటుంది.